2.55 జీపీఏతో ఆక్యుపేషనల్ థెరపీ మాస్టర్స్‌కు: నా రెండు దరఖాస్తుల అనుభవం

మా విశ్వవిద్యాలయం ఇచ్చిన ట్రాన్స్‌క్రిప్ట్ ప్రకారం నా జీపీఏ, అంటే గ్రేడ్ల సగటు, 4కి 2.73. అమెరికాలోని ఆక్యుపేషనల్ థెరపీ (రోగులకు రోజువారీ పనులు మళ్లీ నేర్పే వృత్తి) కోర్సులలో చాలావాటికి ఒకేచోట దరఖాస్తులు తీసుకొనే ఓటీక్యాస్ లెక్క ప్రకారం అదే చదువుకు వచ్చిన జీపీఏ 2.55. ఈ రెండు అంకెల మధ్య తేడా ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోకుండానే 2015 డిసెంబరులో ఎనిమిది కాలేజీలకు దరఖాస్తు పెట్టాను. ఎనిమిదీ తిరస్కరించాయి. రెండోసారి 2017లో పెట్టిన దరఖాస్తు ఫలించింది. అప్పటికీ నా జీపీఏ 3.0 దాటలేదు. ఆ రెండింటికీ మధ్య ఏం మారిందో రాయడమే ఇక్కడ నా ఉద్దేశం.

ముందుగా మార్కులు ఎందుకు తగ్గాయో చెప్పాలి. చెప్పుకోదగ్గ కష్టమేమీ నాకు రాలేదు. మెడిసిన్‌లో చేరాలన్న ఇంట్లోవాళ్ల కోరికను నా కోరికే అనుకొని బయాలజీ తీసుకున్నాను. హైస్కూలులో పరీక్షకు ముందురోజు చదివి గట్టెక్కిన అలవాటునే కాలేజీకీ తీసుకువెళ్లాను. ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఎఫ్, కాల్‌క్యులస్‌లో డి, సెల్ బయాలజీలో మరో డి వచ్చాయి. మూడింటినీ మళ్లీ చదివి సి, బి గ్రేడ్లతో బయటపడ్డాను. చివరి సంవత్సరం మెడిసిన్ ఆశ వదిలేసుకున్నాక మనసు తేలికపడి కాస్త బాగానే చదివాను. 2013లో డిగ్రీ చేతికి వచ్చింది కానీ, దానితో ఏం చేయాలో తెలియలేదు.

ఆరోగ్య బీమా క్లెయిములు పరిశీలించే ఒక కార్యాలయంలో ఉద్యోగం దొరికింది. అక్కడే, కాగితాల మీదే, ఈ వృత్తి నాకు పరిచయమైంది. క్లెయిముతో పాటు థెరపిస్టులు రాసిన నోట్సు వచ్చేవి. పక్షవాతం వచ్చిన ఒక రోగి నోట్సు వారం వారం నా దగ్గరికే వచ్చింది. మొదటి వారం చొక్కా తొడుక్కోవడానికి ‘మ్యాక్స్ అసిస్ట్’, అంటే పనిలో సగానికి పైగా పక్కవాళ్లే చేయాలి. రెండు వారాల తరువాత ‘మోడ్ అసిస్ట్’, ఒక మోస్తరు సాయం. ఆపైన ‘మిన్ అసిస్ట్’, కొద్దిపాటి సాయం. ఆరో వారానికి పక్కన మనిషి నిలబడి ఉంటే చాలు. ఆ మనిషి ముఖం నేనెన్నడూ చూడలేదు. అయినా ఆరో వారం నోట్సు ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూశానంటే, ఆ పని నన్ను ఎంతగా పట్టుకుందో నాకే అర్థమైంది.

ఇంట్లో చెప్పినప్పుడు నాన్నగారు, “ఇది ఉద్యోగాలు ఇప్పించే చదువా అమ్మా?” అని అడిగారు. ఆయనను తప్పుపట్టలేను, ఆ పేరే అలాంటిది. ఇక్కడ ఆక్యుపేషన్ అంటే కొలువు కాదు, మనిషి రోజంతా చేసుకొనే పనులన్నీ: స్నానం, వంట, బట్టలు తొడుక్కోవడం, పిల్లవాడైతే పెన్సిలు పట్టుకోవడం, ఆడుకోవడం. 1917లో న్యూయార్క్ రాష్ట్రంలోని క్లిఫ్టన్ స్ప్రింగ్స్‌లో కొద్దిమంది కూడి పెట్టుకొన్న సంఘమే ఈనాటి అమెరికన్ ఆక్యుపేషనల్ థెరపీ అసోసియేషన్‌గా ఎదిగింది. వందేళ్లు గడిచినా ఆ పేరును విడమరచి చెప్పవలసిన పని మాత్రం ఈ వృత్తివాళ్లకు తప్పలేదు. మాస్టర్స్ గానీ డాక్టరేట్ గానీ చేసి, అందులో భాగంగా కనీసం 24 వారాలు పూర్తికాలపు ఫీల్డ్‌వర్క్ ముగించి, ఆ తరువాత ఎన్‌బీసీఓటీ జాతీయ సర్టిఫికేషన్ పరీక్ష ప్యాసయి, రాష్ట్ర లైసెన్సు తీసుకోవాలని వివరించాక నాన్నగారు అడిగిన రెండో ప్రశ్న, “నీ మార్కులకు ఇస్తారా?” దానికి నా దగ్గర జవాబు లేదు.

మొదటి దరఖాస్తు గురించి ఎక్కువ రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా నాలాగే చేసేవాళ్లు ఉంటారు గనుక రాస్తున్నాను. ఓటీక్యాస్ జూలై మధ్యలో తెరుచుకొంటుంది. నేను డిసెంబరులో, కొన్ని కాలేజీల గడువుకు రెండు రోజుల ముందు పంపాను. దరఖాస్తులు వచ్చిన కొద్దీ చూసి సీట్లు నింపుకొంటూ పోయే కాలేజీలలో అప్పటికే సగం పని అయిపోయింది. అనాటమీ, ఫిజియాలజీ, స్టాటిస్టిక్స్, అబ్‌నార్మల్ సైకాలజీ వంటి ముందస్తు కోర్సులు ఒక్కటీ పూర్తి చేయకుండా, అన్నింటికీ ఎదురుగా ‘చేయబోతున్నాను’ అని గుర్తు పెట్టాను. అన్నింటికంటే పెద్ద తప్పు, ఎనిమిదింటిలో ఐదు కాలేజీలు కనీస జీపీఏ 3.0 అని స్పష్టంగా రాసినా, నా వ్యాసం చదివితే మనసు మార్చుకొంటారని నమ్మడం. ఆ కనీసం అనేది చాలాచోట్ల కంప్యూటరు పెట్టే జల్లెడ. దాని కింద పడ్డ దరఖాస్తులోని వ్యాసాన్ని ఎవరూ తెరవరు. ఆ ఐదు కాలేజీలకూ కట్టిన ఫీజు నేరుగా చెత్తబుట్టలో వేసినట్టే అయింది.

తిరస్కరణలు వచ్చాక ఒక శనివారం కాగితం, క్యాలిక్యులేటరు పెట్టుకొని కూర్చున్నాను. ఆ పూట వేసిన లెక్కే తరువాతి రెండేళ్లకు దారి చూపింది.

మా విశ్వవిద్యాలయం ఒక కోర్సును మళ్లీ చదివితే పాత గ్రేడును లెక్కలోంచి తీసేస్తుంది. కాబట్టి వాళ్ల లెక్కలో నావి 120 క్రెడిట్లు, 328 పాయింట్లు: 2.73. ఓటీక్యాస్‌కు అలాంటి క్షమాగుణం లేదు. మొదటిసారి వచ్చిన గ్రేడు, రెండోసారి వచ్చిన గ్రేడు, రెండూ లెక్కలోకి వస్తాయి. నేను మర్చిపోయిన ఆ ఎఫ్, రెండు డి గ్రేడ్లు నాలుగేసి క్రెడిట్ల చొప్పున వెనక్కి వచ్చి చేరాయి: 132 క్రెడిట్లు, 336 పాయింట్లు, 2.55. ఇప్పుడు 3.0కి చేరాలంటే ఎన్ని క్రెడిట్లు వరుసగా ‘ఏ’ గ్రేడుతో చదవాలో చూస్తే, సరిగ్గా 60 తేలింది. అంటే ఉద్యోగం మానేసి పూర్తికాలం చదివినా రెండేళ్లు, అదీ ఒక్క బి కూడా రాకుండా. ఆ కాగితం చూసి కాసేపు ఏమీ తోచలేదు.

అయితే ఓటీక్యాస్ ఒక్క అంకెనే కాలేజీలకు పంపదు. సంవత్సరాలవారీగా, సబ్జెక్టులవారీగా విడగొట్టి కూడా పంపుతుంది. కొన్ని కాలేజీలు చివరి 60 క్రెడిట్లను మాత్రమే చూస్తాయి. మరికొన్ని ముందస్తు కోర్సుల జీపీఏను విడిగా తీసి దానికే ఎక్కువ విలువ ఇస్తాయి. మొత్తం జీపీఏ పాత అప్పు లాంటిది, ఎంత కట్టినా అసలు తరగదు. చివరి 60 క్రెడిట్ల లెక్క అలా కాదు. అందులో సగం నేను కొత్తగా రాసుకోవచ్చు. డిగ్రీలో చివరి 32 క్రెడిట్లకు నాకు 3.2 ఉంది. ఎలాగూ చేయవలసిన ముందస్తు కోర్సులు 28 క్రెడిట్లు. వాటిని బాగా చదివితే చాలు, అరవై కొత్త క్రెడిట్ల వెంట పరుగెత్తనక్కరలేదు.

ఆ తరువాత 2017 మే వరకు, పగలు ఉద్యోగం చేస్తూ, సాయంత్రాలు కమ్యూనిటీ కాలేజీలో ఆ 28 క్రెడిట్లు చదివాను. కమ్యూనిటీ కాలేజీ కోర్సులకు విలువ ఉండదని చాలామంది భయపెట్టారు. నేను దరఖాస్తు పెట్టిన కాలేజీలలో ఒక్కటి కూడా ఆ అభ్యంతరం చెప్పలేదు. ఫిజిక్స్ మాత్రం డిగ్రీలో చదివినదే మళ్లీ చదవవలసి వచ్చింది, ఎందుకంటే ఐదేళ్లు దాటిన సైన్సు కోర్సులను కొన్ని కాలేజీలు ఒప్పుకోవు.

అనాటమీ ప్రాక్టికల్ పరీక్షలో బల్లల మీద వరుసగా నమూనాలు పెట్టి, వాటికి పిన్నులు గుచ్చి ఉంచుతారు. ఒక్కొక్క బల్ల దగ్గర ఒక్క నిమిషం. గంట మోగగానే పక్క బల్లకు జరగాలి. ముందురోజు చదువు అక్కడ పనికిరాదని మొదటి పది నిమిషాల్లోనే తెలిసిపోతుంది. అందుకని బ్రేకియల్ ప్లెక్సస్ బొమ్మను ప్రతి ఉదయం కాఫీ తాగే లోపు చూడకుండా గీయడం అలవాటు చేసుకున్నాను: మెడ దగ్గర ఐదు నరాల మూలాలు, అవి కలిసి మూడు ట్రంకులు, విడిపోయి ఆరు డివిజన్లు, మళ్లీ కలిసి మూడు కార్డులు, చివరికి చేతిలోకి దిగే ఐదు నరాలు. పాత క్యాలెండరు కాగితాల వెనుక గీసిన ఆ బొమ్మలు దాదాపు డెబ్బై ఉంటాయి. మొదటివి గజిబిజిగా ఉన్నాయి. యాభై దాటాక చేయి దానంతటదే వెళ్లింది. చదవడమంటే ఏమిటో నాకు ఇరవై ఆరో ఏట తెలిసిందన్నమాట. ఫిజిక్స్‌లో బి ప్లస్, మిగిలినవన్నీ ఏ. ఆ 28 క్రెడిట్లకు 3.9, చివరి 60 క్రెడిట్లకు 3.53. ఇంతా చేస్తే ఓటీక్యాస్ మొత్తం జీపీఏ 2.55 నుంచి 2.78కి కదిలింది.

జీఆర్‌ఈ కూడా రాశాను. అప్పట్లో చాలా కాలేజీలు అడిగేవి. నా మార్కులు మధ్యరకం, అవి నన్ను ముంచలేదు, తేల్చలేదు.

పరిశీలన గంటల గురించి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. లైసెన్సు ఉన్న థెరపిస్టు పక్కన ఉండి, పని చూసి, ఫారం మీద సంతకం తీసుకోవాలి. చాలామంది దీన్ని ఒక లాంఛనంగా చూస్తారు, ఎన్ని గంటలు అడిగారో అన్నే పూర్తి చేసి ఊరుకొంటారు. నేను వారాంతాల్లో ఒక రిహాబ్ ఆసుపత్రిలో, సెలవు పెట్టిన రోజుల్లో ఒక హ్యాండ్ క్లినిక్‌లో, ఒక పాఠశాలలో కలిపి 110 గంటలు ఉన్నాను.

ఆసుపత్రిలో మొదటి శనివారం ఎడమవైపు పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయన చొక్కా తొడుక్కోవడం నేర్చుకొంటున్నారు. థెరపిస్టు చొక్కాను ఆయన ఒళ్లో పరచి, పడిపోయిన చేతిని ముందు తొడగాలి, మంచి చేయి చివరికి అని చెప్పి, తన రెండు చేతులూ వెనక్కి కట్టుకొని నిలబడింది. ఆయన కుడిచేత్తో ఎడమచేతిని ఎత్తి, చొక్కా చేతిలోకి దూర్చి, మోచేయి దాటించి, భుజం దాకా లాగడానికి ఆరు నిమిషాలు పట్టింది. తరువాత కాలరు వీపు వెనుక చిక్కుకొంది. నా చేయి నాకు తెలియకుండానే ముందుకు వెళ్లింది. ఆమె తల అడ్డంగా ఊపింది. మరో మూడు నిమిషాలకు ఆయన ముందుకు వంగి, భుజం కదిలించి, తనే కాలరును పైకి తెచ్చుకొన్నారు. ఆయన వెళ్లాక ఆమె నాతో, “నువ్వు సాయం చేసి ఉంటే చొక్కా తొడిగినట్టయ్యేది, నేర్పినట్టు అయ్యేది కాదు” అంది. నేను క్లెయిము నోట్సులో చదివిన ‘మిన్ అసిస్ట్’ అనే రెండు మాటల వెనుక ఇంత నిగ్రహం ఉందని ఆరోజే చూశాను.

హ్యాండ్ క్లినిక్‌లో వేరే రకం నేర్పు. గట్టి ప్లాస్టిక్ పలకను వేడినీటి తొట్టెలో వేస్తే మెత్తబడుతుంది; దాన్ని తీసి, తువ్వాలుతో అద్ది, రోగి చేతికి పెట్టే ముందు థెరపిస్టు తన ముంజేతికి ఆనించి వేడి చూసుకొనేవాడు. పలక మళ్లీ గట్టిపడే లోపు, ఆ కొద్ది నిమిషాల్లోనే చేతికి ఊతమిచ్చే స్ప్లింటు ఆకారం తేవాలి. ఇవన్నీ ప్రతి సాయంత్రం ఇంటికి వచ్చి నోటుబుక్‌లో రాసుకొన్నాను. రోగుల పేర్లు ఎక్కడా రాయలేదు. వ్యాసం రాసేటప్పుడు ఆ నోటుబుక్ నాకు జీపీఏ కంటే ఎక్కువ ఉపయోగపడింది.

రెండోసారి కాలేజీల ఎంపికకు నాలుగు నెలలు పట్టింది. ఇరవై రెండు కాలేజీల అడ్మిషన్ల కార్యాలయాలకు మూడు ప్రశ్నలతో చిన్న ఈమెయిలు పంపాను: కనీస జీపీఏ కింద ఉన్న దరఖాస్తును చదువుతారా లేక చదవకుండానే పక్కన పెడతారా, చివరి 60 క్రెడిట్లను విడిగా చూస్తారా, మళ్లీ చదివిన కోర్సుకు ఏ గ్రేడు తీసుకొంటారు. పద్నాలుగు కాలేజీలు జవాబిచ్చాయి. కొన్ని మర్యాదగా, 3.0 లేకపోతే ఫీజు వృథా చేసుకోవద్దని చెప్పాయి. ఆ నిజాయితీకి ఇప్పటికీ కృతజ్ఞురాలిని. చివరికి ఏడు కాలేజీలు మిగిలాయి. తక్కువ జీపీఏ ఉన్నవాళ్లను తేలికగా తీసుకొనే కాలేజీ కనబడగానే ఎగిరి గంతేయకూడదని కూడా అప్పుడే నేర్చుకొన్నాను. ఈ కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ ఏకోట్. దాని గుర్తింపు ఉన్న కోర్సులు తమ విద్యార్థులలో ఎంతమంది చదువు పూర్తి చేశారో, ఎన్‌బీసీఓటీ పరీక్షలో ఎంతమంది నెగ్గారో బహిరంగంగా చూపాలి. ఈ ఏడింటికి రాకముందే ఆ అంకెలు చూసి ఒక కాలేజీని, ఇంకా గుర్తింపు రాక అభ్యర్థిత్వ దశలోనే ఉందన్న కారణంతో మరో కాలేజీని జాబితాలోంచి తీసేశాను. గుర్తింపు రాని కోర్సు చదివితే ఎన్‌బీసీఓటీ పరీక్షకే కూర్చోనివ్వరు. అప్పు చేసి చదివేవాళ్లకు అది ఆడవలసిన జూదం కాదు.

ఓటీఏ, అంటే ఆక్యుపేషనల్ థెరపీ అసిస్టెంటు చదువు గురించి కూడా గట్టిగానే ఆలోచించాను. అది అసోసియేట్ డిగ్రీతో అయ్యే చదువు, ఫీల్డ్‌వర్క్ 16 వారాలు; ఆ తరువాత పని చేస్తూ మాస్టర్స్‌కు వెళ్లే దారీ ఉంది. ఏడు కాలేజీలూ కాదంటే అందులో చేరాలని నిర్ణయించుకొని, దాని దరఖాస్తు కూడా నింపి పెట్టుకొన్నాను. ఆ నిర్ణయం తీసుకొన్న తరువాతే నాకు నిద్ర సరిగా పట్టింది.

2017 ఆగస్టులో దరఖాస్తు పంపాను. అదే నెలలో, 2027 నుంచి ఈ వృత్తిలోకి డాక్టరేట్‌తోనే రావాలని ఏకోట్ ప్రకటించడంతో మాస్టర్స్ పనికిరాదేమోనని కంగారుపడ్డాను. ఆ నిర్ణయం తరువాత ఆగిపోయింది; ఈనాటికీ రెండు దారులూ తెరిచే ఉన్నాయి. ట్రాన్స్‌క్రిప్టులోని ప్రతి కోర్సునూ, గ్రేడునూ మనమే ఓటీక్యాస్‌లో ఎక్కించాలి. వాళ్లు అసలు ట్రాన్స్‌క్రిప్టుతో పోల్చి చూసేందుకు వారాలు పడుతుంది. తప్పు కనబడితే దరఖాస్తు వెనక్కి వస్తుంది. ఆ ఎఫ్‌ను ఎక్కించేటప్పుడు నా వేలు ఒక క్షణం ఆగిన మాట నిజం. దాచే వీలు లేదు, దాచకూడదు కూడా.

వ్యాసంలో మార్కుల గురించి ఎంత రాయాలన్నది నన్ను చాలా వేధించింది. మొదటి దరఖాస్తులో సగం పేజీ సంజాయిషీ రాశాను. తరువాత చదివితే నా మీద నాకే జాలి కలిగేలా ఉంది, చదివేవాళ్లకు విసుగు కలిగేలా ఉంది. రెండోసారి మూడు వాక్యాలే రాశాను: నాకు సరిపడని దారిలో, చదవడం తెలియకుండా మొదటి రెండేళ్లు గడిపాను, ఆ గ్రేడ్లు నావే, ఈ మధ్య చదివిన 28 క్రెడిట్లను చూసి ఇప్పటి నన్ను అంచనా వేయండి. మిగిలినదంతా ఆ చొక్కా గురించి, వెనక్కి కట్టుకొన్న ఆ చేతుల గురించి. వ్యాసం ఒకటే అన్ని కాలేజీలకూ వెళుతుంది గనుక ఏ కాలేజీ పేరూ ఎత్తలేదు. సిఫారసు లేఖలు అనాటమీ అధ్యాపకురాలు, ఆసుపత్రి థెరపిస్టు, మా ఆఫీసు పైఅధికారి ఇచ్చారు.

ఏడింటిలో నాలుగు తిరస్కరించాయి. మూడు ఇంటర్వ్యూకు పిలిచాయి. మొదటి ఇంటర్వ్యూలో ఒక ప్రొఫెసరుగారు నా ట్రాన్స్‌క్రిప్టును బల్ల మీద నావైపు తిప్పి, ఆ ఎఫ్ మీద పెన్ను పెట్టి, “దీని గురించి చెప్పండి” అన్నారు. ఇంట్లో సాధన చేసినప్పుడు మా అక్క గడియారం చూసి, ఇదే ప్రశ్నకు ఏడు నిమిషాలు మాట్లాడానని చెప్పింది. చివర్లో నేను ఏడుపుముఖం పెట్టానని కూడా. కాబట్టి ఆరోజు వ్యాసంలో రాసిన మూడు వాక్యాలే చెప్పి ఆగాను. ఆ నిశ్శబ్దం చాలాసేపు ఉన్నట్టు అనిపించింది. ఆయన అడిగిన తరువాతి ప్రశ్న అనాటమీని ఎలా చదివానని. క్యాలెండరు కాగితాల గురించి చెబితే, తెల్లబోర్డు చూపించి గీయమన్నారు. గీశాను. మీడియన్ నరం దగ్గర చేయి వణికింది కానీ తప్పు రాలేదు.

ఆ కాలేజీ నన్ను వెయిటింగ్ లిస్టులో పెట్టింది. రెండోది కూడా అంతే. మూడోది కాదంది. జనవరి నుంచి మే వరకు ఏ కబురూ లేదు. ఆ మధ్యలో ఒకసారి, కొత్తగా చేరిన కోర్సు గ్రేడును, వెయిటింగ్ లిస్టులో కొనసాగాలన్న నా కోరికను తెలుపుతూ రెండు కాలేజీలకూ నాలుగు వాక్యాల లేఖ రాశాను. అంతకుమించి విసిగించలేదు.

మే రెండో వారంలో, ఒక క్లెయిము విషయం ఫోనులో మాట్లాడుతుండగా మొదటి కాలేజీ నుంచి ఈమెయిలు వచ్చింది. మాస్టర్స్‌లో సీటు, ఒక షరతుతో: మొదటి సెమిస్టరులో 3.0 తగ్గకూడదు. అవతల మాట్లాడుతున్నాయనను రెండుసార్లు క్షమాపణ అడిగి, ఆయన క్లెయిము నంబరు మళ్లీ చెప్పించుకొన్నాను. సాయంత్రం నాన్నగారికి చూపిస్తే కళ్లజోడు పెట్టుకొని రెండుసార్లు చదివి, “ఈ షరతు ఏమిటి?” అని మాత్రం అడిగారు. మర్నాడే డిపాజిట్టు కట్టి, నింపి పెట్టుకొన్న ఓటీఏ దరఖాస్తును పక్కన పెట్టేశాను.

జూలైలో రెండో కాలేజీ నుంచి కూడా సీటు ఖాళీ అయిందని కబురు వచ్చింది. అక్కడి వెయిటింగ్ లిస్టులో నా వెనుక మరికొందరు ఉన్నారని ఇంటర్వ్యూ రోజునే చెప్పారు. నేను చేరడం లేదని ఆ గంటలోనే జవాబు రాశాను.